సీసా మీద లేని పన్నెండు

సింగిల్ మాల్ట్ విస్కీ, అంటే ఒకే కార్ఖానాలో మొలకెత్తించిన బార్లీతోనే తీసిన విస్కీ, ముందు పెడితే మొదట వచ్చే ప్రశ్న "ఎన్నేళ్ళది?" అన్నదే కావడం నాకు ఎప్పుడూ చిరాకే. ఈ సాయంత్రం ఆ చిరాకు హద్దు దాటింది గనుక నిద్ర మానుకుని రాస్తున్నాను. మా అక్క భర్త, బావగారు, ఇంటికి వచ్చారు. మేనల్లుడు విమానాశ్రయంలో కొని తెచ్చిన అమృత్ ఫ్యూజన్ అనే బెంగళూరు సింగిల్ మాల్ట్ సీసాను ఆయన చేతిలోకి తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, "పన్నెండని ఎక్కడా లేదేంటండి బావగారూ? వయసు చెప్పుకోలేని సరుకంటే లేతదే అయ్యుంటుందండి," అని బల్ల మీద పెట్టేశారు. తరువాత తన గ్లాసులో పోసినదాన్ని ఒక్కసారైనా వాసన చూడకుండా, అంచుదాకా సోడా నింపి, రెండు గుక్కల్లో ముగించి రొయ్యల వేపుడు వైపు తిరిగారు. ఇంటికి వచ్చిన పెద్దమనిషిని ఏమీ అనకూడదని మా ఆవిడ కళ్ళతోనే చెప్పింది కాబట్టి ఊరుకున్నాను. అనవలసినదంతా ఇక్కడ అంటున్నాను.

సీసా మీద వేసే అంకె, అందులో కలిసిన విస్కీలన్నింటిలోకీ చిన్నదాని వయసు. బ్రిటన్ చట్టం ప్రకారం మద్యం స్కాట్లండ్‌లో ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు నిలవ ఉంటేనే దానిని స్కాచ్ అనాలి. అక్కడి చలిలో పీపా నుంచి ఏడాదికి దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. దేవదూతల వాటా అని వాళ్ళు చెప్పుకునేది దానినే. బెంగళూరులో ఆ వాటా 10 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. ఏడాదికి 11 శాతం చొప్పున లెక్క వేస్తే, పన్నెండేళ్ళ తరువాత పీపాలో మిగిలేది సుమారు నాలుగో వంతు. స్కాట్లండ్‌లో అదే పన్నెండేళ్ళకు పోయేది నాలుగో వంతు కంటే తక్కువ. పోవడం ఒక్కటే కాదు, వేడికి మద్యం చెక్క లోపలికి చొచ్చుకుపోవడం, చల్లబడి మళ్ళీ వెనక్కి రావడం మన దగ్గర ఎంతో చురుకుగా జరుగుతాయి కాబట్టి, చెక్క ఇవ్వవలసిన రంగూ రుచీ నాలుగైదేళ్ళకే దిగిపోతాయి. ఇంకా ఉంచితే వగరు మొదలై, బార్లీ రుచి చెక్క కింద అణగిపోతుంది. అమృత్ వారు 2013లో ఎనిమిదేళ్ళ విస్కీని గ్రీడీ ఏంజెల్స్ అనే పేరుతో తెచ్చినప్పుడు అది 144 సీసాలకే పరిమితం కావడానికి కారణం ఇదే. ఇంత లెక్క ఉన్నచోట, చలిదేశపు పంచాంగం పట్టుకుని మన సరుకుకు జాతకం రాయడం అన్యాయమని నేను సాయంత్రమంతా మనసులో వాదించుకుంటూనే ఉన్నాను.

నన్ను మరింత బాధపెట్టింది ఆ మాట వెనక ఉన్న "మనదే కదా" అన్న చులకన. అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను 2004 ఆగస్టులో తీసుకువెళ్ళి నిలబెట్టింది స్కాచ్ తాగేవాళ్ళ మధ్య, గ్లాస్గోలో. సొంత ఊరు బెంగళూరులో అమ్మకానికి పెట్టడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. ఆ 2010 సంవత్సరపు విస్కీ బైబిల్ అనే తన మార్కుల పుస్తకంలో ఇంగ్లీషు విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే ఫ్యూజన్‌కు నూటికి 97 ఇచ్చి, ప్రపంచంలో మూడో స్థానంలో నిలిపాడు. పరాయివాడి కితాబు చూపించి మనవాళ్ళను ఒప్పించవలసి రావడం నాకు ఇష్టం లేదు. అయినా బావగారికి ఆ సంగతి చెప్పాను. ఆయన, "అయితే ధర అందుకేనాండి!" అన్నారు.

ఇంతవరకు రాసేసరికి యానాం గుర్తుకు వచ్చింది, ఆ తరువాత నా వాదం ఇంత సూటిగా సాగడం లేదు. 1995 జనవరి 16 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది, అది 1997 దాకా నడిచింది. యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, తరువాత పుదుచ్చేరిలో చేరిన ఊరు కావడం వల్ల మన చట్టం అక్కడ చెల్లదు. అప్పటికి గౌతమి మీద బాలయోగిగారి పేరున్న వంతెన లేదు. ముమ్మిడివరం, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక రేవుకు చేరి, సైకిళ్ళతో, మోటారు సైకిళ్ళతో కిక్కిరిసిన పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు పోవాలి. బాబాయి నన్ను తోడు తీసుకువెళ్ళిన రోజున ఆ పంటు మీద మాకు తెలిసినవాళ్ళే సగం మంది ఉన్నారు, అయినా ఎవరూ ఎవరినీ పలకరించలేదు. అందరూ నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. దుకాణం ముందు కూర్చునే చోటు లేదు, ఆగే తీరిక లేదు, తిరుగు పంటు తప్పిపోతుందన్న బెంగ ఒకటి. చాలామంది ఎడమ చేత్తో ముక్కు మూసుకుని, కుడి చేత్తో గ్లాసు ఎత్తి, ఒక్క గుక్కలో దింపేసి, మొహం చిట్లించుకుని, వెంటనే వక్కపొడో యాలకులో నోట్లో వేసుకున్నారు. బాబాయి తిరుగు ప్రయాణంలో పంటు అంచున నిలబడి, గాలికి ఎదురుగా నోరు తెరిచి, "వాసన వస్తోందేంట్రా?" అని నన్ను పదే పదే అడిగాడు. ఇంటి గుమ్మంలో పిన్ని ఏమడుగుతుందోనని ఆయన భయం. అక్కడ ముక్కు మూసుకున్న కుర్రవాళ్ళలో బావగారూ ఉన్నారు; మా అక్కతో ఆయన సంబంధం అప్పటికి ఇంకా కుదరలేదు.

వాసనను శత్రువుగా చూస్తూ తాగడం నేర్చుకున్న తరం అది. సింగిల్ మాల్ట్ చూస్తే, ముక్కుతోనే సగం తాగవలసిన పానీయం. ఆయన ఈ సాయంత్రం గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకోకపోవడాన్ని నేను నిర్లక్ష్యమనుకున్నాను. అది భయంగా మొదలై అలవాటుగా మిగిలిందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

వయసు అడగడం కూడా అంత తప్పుగా తోచడం లేదు. మన దుకాణాల్లో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదానిలో చాలా భాగం మొలకెత్తించిన బార్లీతో సంబంధం అంతంతమాత్రమైన సరుకు. చక్కెర మడ్డి నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిట్‌కు కాస్త మాల్ట్, కాస్త రంగు కలిపి సీసాకెత్తుతారు. మడ్డి నుంచి తీసినదానిని విస్కీ పేరుతో అమ్మడానికి ఐరోపా చట్టం ఒప్పుకోదు, మన దగ్గర మాత్రం చెల్లిపోతుంది. సీసా లోపల ఏముందో తెలుసుకునే దారి లేనివాడు పైన ముద్రించిన అంకెనే పట్టుకుని వేలాడతాడు. అతనికి అబద్ధం చెప్పనిదల్లా ఆ అంకె ఒక్కటే. అందుచేత నా కోపం మళ్ళవలసింది బావగారి మీదికి కాదు, చాలా సీసాల మీద వయసు జాగాను ఖాళీగా వదిలేస్తున్న తయారీదారుల మీదికి. నాలుగేళ్ళదైతే నాలుగేళ్ళనే వెయ్యాలి. ఏ ఏట పీపాలో పోశారో, ఏ ఏట సీసాకెత్తారో, ఈ మధ్యలో ఎంత ఆవిరైపోయిందో పక్కనే రాయాలి. ఆ ముక్క చదివినవాడు మరోసారి పన్నెండు అడగడు.

సోడా విషయంలో మాత్రం నేను మెత్తబడలేదు. బావగారు వెళ్ళిన తరువాత అరపెగ్గు పోసుకుని, కాసేపు ఊరికే ఉంచి, చెంచాతో నాలుగు చుక్కల నీళ్ళు వేశాను. ఫ్యూజన్‌లో 50 శాతం ఆల్కహాలు ఉంటుంది కాబట్టి ఆ చుక్కలు పడేదాకా అది ముక్కును దగ్గరకు రానివ్వదు. నీళ్ళు పడ్డాక మొదట నారింజ తొక్క, వెనుక వెనీలా, అన్నింటి అడుగున కొబ్బరి డొక్కలు రాజుకుంటున్నప్పటి పొగ. స్కాట్లండ్ నుంచి తెప్పించిన, పీట్ అనే చిత్తడినేల మట్టిగడ్డల పొగ పట్టిన బార్లీ ఇందులో నాలుగో వంతే, మిగతా ముప్పాతికా మన ఉత్తరాది పొలాల బార్లీ. ఆ ముప్పాతిక వల్లనే పొగ పైకెక్కి కూర్చోకుండా ఒదిగి ఉంది. చాలా బాగుంది.

హర్యానాలోని ఇంద్రిలో తయారయ్యే త్రినీ, గోవా పాల్ జాన్ వారి బ్రిలియన్స్ అనే సింగిల్ మాల్ట్‌లను ఒకే పూట పక్కపక్కన చూడాలని ఉంది. పొడిగాలిలో పీపా నుంచి నీరు ఎక్కువగా పోయి ఘాటు పెరుగుతుంది. మన కోనసీమ వంటి తేమ ఉన్నచోట నీటి కంటే ఆల్కహాలే ముందు పోయి ఘాటు తగ్గుతుంది, గోవాలోనూ ఆ తేమే. సీసాకెత్తేటప్పుడు రెండింటినీ 46 శాతానికే తెస్తారు గనుక ఘాటు దగ్గర పోటీ ఉండదు, రుచి దగ్గరే తేడా తెలియాలి. అయితే త్రినీ పేరుకు తగ్గట్టు బర్బన్ అనే అమెరికా విస్కీ, ఫ్రెంచి వైన్, షెర్రీ అనే స్పెయిన్ వైన్ ముందు నిలవ ఉంచిన మూడు రకాల పీపాలు చూసినది, బ్రిలియన్స్ చూసినవి బర్బన్ పీపాలే. ఆ తేడాలో గాలి పాలెంత, చెక్క పాలెంత అన్నది నాలుక మీద విడదీయడం అంత తేలిక కాదు.