నిద్ర లేవగానే ఖర్రా

ఈ రోజు సిరొంచ బస్టాండు దగ్గర పాన్ ఠేలా ముందు చాలాసేపు నిలబడ్డాను. దుకాణదారు సుపారీ ముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, చెక్క మీద అరచేత్తో గట్టిగా రుద్ది, చిన్న పొట్లం కట్టి ఇస్తున్నాడు. మహారాష్ట్రలో గుట్కాను 2012లోనే నిషేధించినా, కళ్ళెదుట కలిపిచ్చే ఈ ఖర్రాకు మాత్రం గిరాకీ తగ్గలేదు. కొనేవాళ్ళలో మా చిన్నమ్మ కొడుకు కూడా ఉన్నాడు.

పోలీసు భర్తీలో పేరు రానప్పటి నుంచి వాడికి రాత్రిళ్ళు నిద్ర లేదు. "నెత్తి గరమైతది అక్కా, ఖర్రా ఏస్తేనే నిమ్మలమైతది" అన్నాడు. పొద్దున మొదటిది ఎప్పుడు వేస్తావని అడిగితే, పళ్ళు తోముకోకముందే అన్నాడు. ఆ మాటకు నా గుండె బరువెక్కింది, ఎందుకంటే లేచిన అరగంటలోపే పొగాకు కావాలనిపించడం గట్టి వ్యసనానికి గుర్తు. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకు సగానికి పడిపోతుంది. అది తగ్గేకొద్దీ చిరాకు, ఆందోళన, దేని మీదా ధ్యాస నిలవకపోవడం మొదలై, మళ్ళీ ఖర్రా నోట్లో పడగానే సర్దుకుంటాయి. వాడు నిమ్మలం అనుకుంటున్నది చాలావరకు ఖర్రా తెచ్చిపెట్టిన బాధ కాసేపు తగ్గడమే. పైగా మెదడు ఎదుగుదల 25 ఏళ్ళ వరకూ సాగుతుంది కాబట్టి, ఈ వయసులో పట్టుకున్న అలవాటు మరింత లోతుగా పాతుకుపోతుంది.

అయితే వాడి దిగులంతా ఖర్రా వల్లనే అనడం అన్యాయం. ఇంట్లో అందరూ పొగాకు గురించి తిడుతున్నారే తప్ప, నిద్ర ఎందుకు పట్టడం లేదని ఒక్కరూ అడగలేదు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే వాడు మానలేడని నా నమ్మకం. మా గడ్చిరోలి జిల్లాలో మద్యం, పొగాకు మాన్పించడానికి 2016 నుంచి ముక్తిపథ్ అనే కార్యక్రమం పని చేస్తోంది. పొగాకు మానేవారికి 1800-11-2356, మనసు బాగోలేనివారికి టెలీ మానస్ 14416 అనే ఫోను సహాయ నంబర్లు ఉన్నాయి. రెండు నంబర్లూ వాడి ఫోనులో ఎక్కించాను, రేపు సాయంత్రం నా పక్కన కూర్చొని మాట్లాడతానన్నాడు.

తిరిగి వస్తూ చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. మానిన మొదటి కొన్ని రోజులు కోపం, చిరాకు బాగా ఎక్కువగా ఉంటాయని, కొన్ని వారాల్లో అవి తగ్గుముఖం పడతాయని, అప్పటిదాకా వాడు కసురుకున్నా ఎదురు మాట అనవద్దని ఆమెకు చెప్పాను. "మీ చిన్నాయనకు నువ్వే చెప్పు బిడ్డా" అంది. చిన్నాయన పొలం నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఆయనకూ చెప్పి వచ్చాను.