‘నాకు’ దొరికింది

మా అమ్మాయి ఆరో క్లాసు. ఇక్కడ న్యూజెర్సీలో, మిడిల్ స్కూల్లో స్పానిష్ తీసుకుంది. ఫ్రెంచ్ అయితే బాగుండేదని నేను కాస్త నసిగాను. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నిన్న రాత్రి గిన్నెలు తోముతుంటే వచ్చి, "అమ్మా, ‘మె గుస్తా ఎల్ మాంగో’ అంటే ‘ఐ లైక్ మ్యాంగో’ అట. మరి ఇందులో ‘ఐ’ ఏది?" అని విసుక్కుంది. ‘యో గుస్తో’ అని రాసి క్విజ్‌లో మార్కులు పోగొట్టుకుందిలెండి.

"మనింట్లో ఏమంటాం?" అన్నాను.

"నాకు మామిడిపండు ఇష్టం." ఒక్క క్షణం ఆగి, "నాకు! ‘మె’ అంటే ‘నాకు’!" అని అరిచింది.

ఇక వరసపెట్టి వెతకడం మొదలు. ‘మె దుయెలె లా కబేసా’: నాకు తల నొప్పిగా ఉంది. టీచరుకి ‘ఉస్తెద్’, ఫ్రెండుకి ‘తూ’: మన మీరు, నువ్వు. పైగా ఆ ‘త’ మన ‘త’నే, ఇంగ్లీషు ‘ట’ కాదు. ఆదివారం తెలుగు క్లాసు అనగానే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల ఇది!

చలి దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. మనకి చలేస్తుంది. వాళ్లు ‘తెంగో ఫ్రియో’ అంటారు, అంటే చలి నా దగ్గరుందని. "ఉంటే ఉంచుకోమను" అంది, దుప్పటి లాక్కుంటూ.