మా వాడి బరువు మీద వచ్చిన ఉత్తరం

2017లో ఒకరోజు గుమ్మంలో పడున్న ఉత్తరాల్లో కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, కవరు ఒకటి కనిపించింది. మళ్ళీ ఏదో పన్ను గోల అనుకుంటూ చింపాను. లోపల మా వాడి పేరు, ఎత్తు, బరువు. కింద ఒక్క ముక్క: ఎత్తుకీ వయసుకీ ఉండాల్సిన దానికన్నా బరువు ఎక్కువ. వాడికప్పుడు ఐదేళ్ళు, తూర్పు లండన్‌లో ఒక ప్రైమరీ బడిలో రిసెప్షన్, అంటే బడిలో మొట్టమొదటి క్లాసు, చదువుతున్నాడు.

నిలబడ్డచోటే ఒళ్ళు మండింది. తెనాలిలో ఆ బుగ్గలు చూసినవాళ్ళు ముద్దు చేసి, ఇంటికెళ్ళగానే దిష్టి తీయమని చెప్పి పోతారు. ఇక్కడేమో ఉత్తరం రాశారు!

ఇంగ్లండులో ప్రభుత్వ బడుల్లో ఈ కొలతలు 2005-06 నుంచి జరుగుతున్నాయట. రిసెప్షన్‌లో ఒకసారి, పదేళ్ళు దాటాక ప్రైమరీ చివరి క్లాసు ఇయర్ సిక్స్‌లో ఇంకోసారి. ఇష్టం లేనివాళ్ళు వద్దని ముందే చెప్పొచ్చు. ఆ సంగతి రాసిన కాగితం పుస్తకాల సంచిలో నెలరోజులు నలిగింది, నేనే చదవలేదు.

ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నర్సుతో పోట్లాటకు దిగాను. మీ చార్టు మీ పిల్లలది, మావాళ్ళ ఎముక సన్నం, మాకు అది పనికిరాదు అన్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. చార్టు 1990 నాటి బ్రిటన్ పిల్లల కొలతలతో పోల్చేదేనని ఒప్పుకుంది. అయితే మీ పిల్లల విషయంలో ఆ చార్టు తప్పేది మీరనుకున్న వైపు కాదమ్మా అంది. ఒకే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) ఉన్నా దక్షిణాసియా పిల్లల ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటుందట.

నమ్మలేదు. ఆ రాత్రి మావారు నెట్‌లో వెతికి ఒక ఫోటో చూపించారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యూడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. ఆ అంకె చదివి మావారి పొట్ట వైపు చూశాను. ఆయన లాప్‌టాప్ మూసేశారు.

అత్తయ్యకు చెప్పడం ఇంకో యుద్ధం. "వాళ్ళ త్రాసు పాడైందేమో చూడమను. పిల్లాడు అసలే చిక్కిపోతుంటే!" వీడియోలో కూడా చిక్కినట్టే కనిపిస్తాడు ఆవిడకి. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి రోజుకి 19 గ్రాముల చక్కెర దాటకూడదట అత్తయ్యా, అంటే ఐదు చక్కెర ముక్కలు, అన్నాను. "సున్నుండల్లో చక్కెర ఎక్కడిదే? నేను వేసేది బెల్లం!" అని ఫోను మామయ్య చేతికిచ్చేసింది.

మరుసటేడు సెప్టెంబరులో అదే బడిలో నాకు పని దొరికింది. కాగితం మీద మిడ్‌డే మీల్స్ సూపర్‌వైజర్, పిల్లలకి మిస్, ఊళ్ళో వాళ్ళకి డిన్నర్ లేడీ. రోజుకి గంటన్నర. ఎంఎస్సీ చదివి పిల్లల పళ్ళేలు తీస్తావా అని మా అన్నయ్య రెండు నెలలు సరిగా మాట్లాడలేదు.

ఆ గంటన్నరలో నేర్చుకున్నది ఏ చదువులోనూ లేదు. మొదటి రోజే ద్రాక్షపళ్ళు నిలువుగా కోయడం నేర్పారు, గుండ్రంగా ఉంటే చిన్నపిల్లల గొంతులో అడ్డం పడతాయని. ఇన్‌ఫంట్స్‌కి, అంటే ఇయర్ టూ దాకా చిన్నపిల్లలకి, 2014 నుంచి భోజనం ఉచితం. 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం వేపుళ్ళు వారానికి రెండుసార్లు మించకూడదు, రోజూ ఒక కూర ముక్కో సలాడో ఉండాలి. ఉండటం వేరు, తినడం వేరు. చెత్తబుట్ట దగ్గర నిలబడి పళ్ళేలు గీకేది నేను కాబట్టి నాకు తెలుసు. పచ్చబఠానీలు ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొస్తాయి. ఒకమ్మాయి రోజూ ఒకే ఒక్క బఠానీ ఫోర్క్‌తో గుచ్చి, నాకు చూపించి, మందుబిళ్ళలా మింగి, "తిన్నాను మిస్" అనేది. తినమని బతిమాలితే పళ్ళెం అవతలికి తోసేసేది. ఏమీ అనకుండా పక్క పిల్లతో కబుర్లలో పడితే నాలుగైదు తినేది. ఇది కనిపెట్టడానికి నాకు ఒక టర్మ్ పట్టింది.

చెప్పకుండా చేస్తే జరుగుతుందని నాకు తట్టింది అక్కడే. దేశం కూడా ఆ ఏడే అలాంటి పని ఒకటి చేసింది. 2018 ఏప్రిల్ 6 నుంచి తీపి కూల్‌డ్రింకుల కంపెనీల మీద లెవీ అనే పన్ను వేశారు. వంద మిల్లీలీటర్లకి 5 గ్రాముల చక్కెర ఉంటే లీటరుకి అప్పట్లో 18 పెన్నీలు, 8 గ్రాములుంటే 24. పిల్లలు కొనడం మానేస్తారని కాదు, కంపెనీలే చక్కెర తగ్గిస్తాయని. రెండేళ్ళ ముందే ప్రకటించారు కాబట్టి చాలామంది అమలు రోజుకి ముందే తగ్గించేశారు. మా వాడు ప్రాణం పెట్టే రైబీనా డ్రింకు కూడా 5 గ్రాముల కిందికి దిగింది. వాడు గమనించనే లేదు! నేను సీసా తిప్పి చూసి నోరు మూసుకున్నాను.

తర్వాత 2023లో కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్క తీస్తే, లెవీ వచ్చాక ఇయర్ సిక్స్ ఆడపిల్లల్లో ఊబకాయం, లెవీ లేకపోతే ఉండేదానితో పోలిస్తే, 8 శాతం తక్కువ ఉందన్నారు. మగపిల్లల్లో మార్పేమీ కనపడలేదు. మగపిల్లాడి తల్లిగా నాకది ఏమీ వింతనిపించలేదు.

ఎందుకంటే ఆ చక్కెర మిగిల్చిన చోటు నింపడానికి చికెన్ షాపు ఉంది. బడి గేటు నుంచి బస్‌స్టాపు దాకా మూడు. ఊళ్ళో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే 2021 లండన్ ప్లాన్ వచ్చాక బడికి 400 మీటర్ల నడక దూరంలో కొత్తవి పెట్టనివ్వరు, పాతవాటిని కదిలించేవాడు లేడు. మూడున్నరకి వెళ్తే ఆ షాపుల్లో పెద్ద బడి పిల్లలే. మూడు రెక్కలు, చిప్స్, ఒక డ్రింకు, చేతి ఖర్చుకి సరిపోతుంది. తిట్టబుద్ధి కాదు. రాత్రి ఎనిమిది దాకా అమ్మానాన్న ఇంటికి రాని పిల్లలు, కాస్త వెచ్చగా కూర్చునే చోటు అదొక్కటే. పేద పేటల పిల్లల్లో ఊబకాయం డబ్బున్నోళ్ళ పేటలకన్నా రెండింతలకు పైనే ఎందుకుంటుందో నాకు ఆ క్యూ చూస్తే అర్థమవుతుంది.

ఇంట్లో నేనూ దొంగ పనే మొదలుపెట్టాను. పాలల్లో పంచదార రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, ఉగాదికి ఒకటి, దసరాకి అర. అన్నంలో నెయ్యి వేసే చెంచా మార్చాను, పెద్దది పోపుల పెట్టెలో దాచేసి. వాడితో బరువు మాట ఒక్కసారి ఎత్తలేదు. ఇయర్ సిక్స్‌లో మళ్ళీ తూచారు. కవరు చింపేటప్పుడు చేతులు వణికాయి. మామూలు బరువు అని రాసుంది. 2023 సెప్టెంబరు నుంచే లండన్ ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో అందరికీ భోజనం ఉచితమైంది. మా వాడు అప్పటికే పెద్ద బడికి వెళ్ళిపోయాడు, చికెన్ షాపుల దారినే.

మొన్న మా ఊరాయన సూట్‌కేసులో అత్తయ్య డబ్బా వచ్చింది. మూత తీస్తే సున్నుండలు. ఎప్పుడూ నిమ్మకాయంత ఉండేవి, ఈసారి ఉసిరికాయంత ఉన్నాయి. వరసలు మాత్రం ఎప్పటిలాగే డబ్బా నిండా. ఫోన్ చేసి అడిగాను.

"చెయ్యి నొప్పమ్మాయ్. పెద్దవి చుట్టలేకపోతున్నా" అంది. వెనకాల మామయ్య నవ్వుతున్నారు.