నాన్న పాటలు సర్వర్‌కు చేరిన నాలుగు రాత్రులు

మా నాన్న 1986 నుంచి 1994 దాకా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో తిరిగి ఊడుపు పాటలు, పెళ్లి పాటలు, కోలాటం పాటలు టేప్ రికార్డర్‌లో పట్టారు. మొత్తం 38 క్యాసెట్లు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాటకొకటిగా విడగొట్టి 412 వేవ్ ఫైళ్లు చేశాను. గంట రికార్డింగ్ సుమారు 600 ఎంబీ, అన్నీ కలిపి 23 జీబీ. అవి ఉన్నది ఒకే ఒక్క హార్డ్‌డిస్క్‌లో. మొన్న వేసవిలో అది టిక్ టిక్‌మనడం మొదలుపెట్టింది. ఆ పూటే అన్నీ లాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. ఇంకో కాపీ ఇంటి బయట ఉండాలని నెల అద్దెకు ఒక లినక్స్ సర్వర్, అంటే ఇంటర్నెట్‌లో ఎప్పుడూ నడిచే దూరపు కంప్యూటర్, తీసుకున్నాను.

మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్‌లో సర్వర్ల పనే చేస్తాడు. రోజూ రాత్రి ఫోన్‌లో ఉండి చెప్పాడు. ఫైళ్లు పంపే పాతకాలం పద్ధతి ఎఫ్‌టీపీ నాకు తెలుసు, దాంతోనే పంపుతానన్నాను. "వద్దక్కా, అందులో పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదివేలా పోతుంది" అన్నాడు. బదులుగా వాడమన్న, అన్నీ గుప్తంగా మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే ఆ బాధలోంచి అని అప్పుడు తెలిసింది. 1995లో ఫిన్లండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తే, టాటు యులోనెన్ అనే ఆయన దీన్ని రాశాడట. సర్వర్‌లో ఒక్కో సేవకు ఒక్కో తలుపు నంబరు ఉంటుంది, దాన్నే పోర్టు అంటారు. ఎఫ్‌టీపీది పోర్టు 21, దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్నెట్‌ది 23. ఆ రెండింటి స్థానంలో వాడాల్సిన దీనికి మధ్యలోని 22 దక్కింది.

మొదటి రాత్రి కమాండ్లు టైప్ చేసే విండోస్ పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ కొట్టగానే, ఈ సర్వర్ ఎవరో నాకు తెలియదు, ముందుకెళ్లాలా అని అడిగింది. యెస్ కొట్టబోతుంటే తమ్ముడు ఆపాడు. "ముందు తెర మీద పడిన ఫింగర్‌ప్రింట్, అంటే సర్వర్ గుర్తింపు అక్షరాలు, సరిపోతాయో లేదో చూడక్కా." అద్దె కంపెనీ వెబ్‌సైట్ ప్యానెల్‌లో సర్వర్ సొంత తెర (కన్సోల్) తెరిచి, అక్కడి అక్షరాలనూ ఇక్కడివాటినీ ఒక్కొక్కటిగా పోల్చాను. మనం వెళ్లాలనుకున్న సర్వర్ అదేనని తేలేది ఈ ఒక్క చోటే. తర్వాత పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడలేదు, కీబోర్డ్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. అది అంతేనట, అక్షరాల లెక్క కూడా బయటపడనివ్వదు.

లోపలికి వెళ్లాక తమ్ముడు లాగిన్ల లాగ్ తెరిపించాడు. సర్వర్ వచ్చి ఒక్కరోజు కూడా కాలేదు, అప్పటికే ఎక్కడెక్కడి అడ్రస్‌ల నుంచో రూట్, అడ్మిన్ లాంటి యజమాని ఖాతాల పేర్లతో పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తున్నారు, వరుసగా, నిమిషానికి కొన్ని. నాన్న గొంతు కూడా అక్కడక్కడా వినిపించే పాటలవి. మర్నాడే పాస్‌వర్డ్ బదులు తాళంచెవి ఫైల్‌తో లోపలికి వెళ్లే పద్ధతికి మారాలనుకున్నాను.

రెండో రాత్రి ఈడీ25519 రకం తాళంచెవుల (కీల) జత చేశాను. ప్రైవేట్ కీ నా దగ్గరే ఉంటుంది, దానికో రహస్య వాక్యం (పాస్‌ఫ్రేజ్). పబ్లిక్ కీ సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ అనే ఫైల్‌లో పెట్టాలి. లినక్స్‌లో దీనికి ఒక కమాండ్ ఉంది, విండోస్‌లో లేదు, అందుకని ఫోల్డరూ ఫైలూ చేత్తో చేసి అందులో అతికించాను. అయినా పాస్‌వర్డే అడిగింది. గంటసేపు కీ తప్పేమోనని వెతికాం. కీలో తప్పు లేదు, ఫైల్‌ను ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే పర్మిషన్లలో ఉంది. ఆ ఫైల్‌ను గ్రూపులో ఇంకొకరు మార్చే వీలుంటే సర్వర్ దాన్ని నమ్మదు. ఫోల్డర్‌కు 700, ఫైల్‌కు 600 (నాకు తప్ప ఇంకెవరికీ వీల్లేని సెట్టింగ్‌లు) పెట్టగానే తలుపు తెరుచుకుంది.

మూడో రాత్రి ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీతో మొత్తం ఫోల్డర్ పంపడం మొదలుపెట్టాను. మా ఇంటి నెట్ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్. 23 జీబీకి పది గంటల పైనే. చూస్తుండగా ఒక్కో ఫైల్ ఫెయిల్ అవుతోంది, అన్నీ కాదు, కొన్నే. నేను పెట్టిన పేర్లు పొడవైనవి: పల్లవి మొదటి పాదం, పాడినావిడ పేరు, ఊరు, క్యాసెట్ నంబరు, తేదీ. సర్వర్‌లోనే అలాంటి ఒక పేరుతో ఖాళీ ఫైల్ చేయమన్నాడు తమ్ముడు. "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంది.

ఇది తెలుగులో పేర్లు పెట్టే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి. విండోస్ పేరుకు 255 అక్షర సంకేతాలు ఒప్పుకుంటుంది. లినక్స్‌లో హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, గుణింతపు గుర్తులూ పొల్లులూ కూడా విడిగా లెక్కే. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ' అక్కడ 18 బైట్లు. అంటే పూర్తిగా తెలుగులో ఉన్న పేరు 85 సంకేతాలకు ఆగిపోవాలి.

ఇంగ్లిష్ లిపిలోకి మార్చేస్తే పోతుందని ఒక మాట వచ్చింది. నాకు మనసొప్పలేదు. పాటను పల్లవితో పిలిచే అలవాటు మాది. ఆ ఆలోచనలో ఉండగానే రెండింటికి కరెంటు పోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, రౌటర్‌కు లేదు. ఎస్‌సీపీ ఆగిన చోటు నుంచి అందుకోదు.

మర్నాడు పగలంతా పేర్లు మార్చాను: క్యాసెట్, పక్క, పాట నంబరు, ఒకటి రెండు తెలుగు మాటలు. పూర్తి పల్లవి, పాడినవాళ్ల పేర్లు, ఊరు అన్నీ విడిగా ఒక పట్టికలో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టాను. వెతకడానికి ఆ పట్టికే ఇప్పుడు హాయిగా ఉంది.

నాలుగో రాత్రి విండోస్‌లోనే ఉబుంటు అనే లినక్స్ పెట్టుకుని, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ వాడాను. పెద్ద పీ (-P) ఆప్షన్ పెడితే సగం పోయిన ఫైల్‌ను ఉంచుకుని, మళ్లీ నడిపినప్పుడు అక్కడి నుంచి అందుకుంటుంది. ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. నెట్ రెండుసార్లు తెగింది, రెండుసార్లూ అదే కమాండ్ మళ్లీ కొట్టాను, అంతే.

తెల్లవారి సర్వర్‌లో లిస్ట్ చూస్తే గుండె జారింది. పేర్లన్నీ 340, 260, 261 అనే అంకెలు. ఫైళ్లకేమీ కాలేదు, సర్వర్‌కు భాష సెట్టింగ్ లేక తెలుగు బైట్లను అంకెలుగా చూపిస్తోంది. ఆ సెట్టింగ్ అయిన ల్యాంగ్ (LANG) విలువను సీ.యూటీఎఫ్-8 (C.UTF-8) చేయగానే నాన్న పాటల పేర్లు తెలుగులో వరుసకట్టాయి.

రెండు వైపులా ఫైల్‌లో ఒక్క బైటు మారినా మారిపోయే షా256 లెక్క తీసి పోల్చాను. 412 సరిపోయాయి, పట్టికతో కలిపి 413. తర్వాత సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాను. తెరిచి ఉన్న లాగిన్ విండో మూయకుండా, పక్కన ఇంకొకటి తెరిచి కీతో లోపలికి వెళ్లి చూసుకున్నాకే మొదటిది మూశాను.