అకేలా కాదు మేడమ్, అకేలీ

దీవి చూడాలనుందంటే మా అమ్మ, "భవానీ ద్వీపం ఉందిగా" అంది. "పొద్దున్నే పున్నమి ఘాట్‌లో పడవెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. దానికి విమానం ఎందుకే?"

నేను ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నాకు నలభై ఒకటో ఏడు నడుస్తోంది. ఏప్రిల్‌లో పేపర్లు దిద్దడం అయ్యాక నాకు దొరికేది ఒక్క వారం. ఏటా ఆ వారమంతా నిద్రపోతాను. ఈసారి మాత్రం అండమాన్‌కి టికెట్లు కొనేశాను. టికెట్లు అంటే మనుషులెక్కువై కాదు, రానూ పోనూ రెండు.

అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "ఆ ఊరి పేరేంటి?" అంది. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురంగా మార్చారని చెప్పాను. మొహం కాస్త విప్పారింది. "మన ఊరి పేరులాగే ఉందే" అంటూ గోంగూర ఒలవడానికి కూర్చుంది. ఆ సాయంత్రం లిఫ్ట్‌లో కింది ఫ్లాటు పిన్నిగారు, "నలుగురు కలిసి వెళ్తున్నారటగా, మంచిపని" అన్నారు. ఇంట్లోకి వచ్చి అడిగాను, మిగతా ముగ్గురూ ఎవరమ్మా అని. "ఎవరో ఒకరు. నీకెందుకు?" అంది.

ఊరగాయ సీసా చేతి సంచిలో ఉంటే గన్నవరంలోనే ఆపేస్తారని పెద్ద పెట్టెలో పెట్టాం. మూడు కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి, మధ్యలో నా కొత్త తెల్ల ఫ్రాకు పెట్టి మరీ. బీచ్‌లో ఫోటో కోసమని బీసెంట్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి కొన్న ఫ్రాకది. నూనెకి కవర్లూ రబ్బరు బ్యాండ్లూ లెక్కలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టె తెరిచేసరికి ఫ్రాకు మీద, సరిగ్గా పొట్ట దగ్గర, అరచేయంత మరక. ఎర్రంచు, ఆకుపచ్చ నడిమి. దగ్గరగా చూస్తే ఒక ఎండుమిర్చి గింజ కూడా ఉంది.

దిగగానే ఎక్కిన ఆటో అతను హిందీలో అడిగాడు, ఎంతమంది వచ్చారని. సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీ నాది. ఒక్కదాన్నే వచ్చానని చెప్పబోయి, "మై అకేలా ఆయా" అన్నాను ధైర్యంగా, మగవాళ్ళు అనేలా. అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి, "అకేలా కాదు మేడమ్, అకేలీ. అకేలీ ఆయీ" అని దిద్దాడు. నేను పిల్లలకి తప్పులు దిద్దినట్టే, విసుగు లేకుండా, కానీ వదలకుండా. మళ్ళీ అనిపించాడు కూడా. ఆ వారంలో అదే ప్రశ్న రోజుకి అయిదారుసార్లు ఎదురయ్యేది కాబట్టి, వెనక్కి వచ్చేనాటికి ఆ ఒక్క వాక్యం మాత్రం వ్యాకరణ దోషం లేకుండా వచ్చేసింది.

మొదటి రోజు సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఏ గదిలోంచి చూసినా ముందున్న రెక్క వీపే కనబడుతుంది, ఇంకో మనిషి మొహం కనబడదు. అందుకే అలా కట్టారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వాళ్ళను కూడా కొందరిని అండమాన్‌కే పంపారు. ఒక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని నిలబడ్డాను. ఒక నిమిషం అనుకున్నాను, అంతసేపు కూడా ఉండలేకపోయాను.

మర్నాడు హేవ్‌లాక్‌కి ఓడ. 2018 నుంచి దాని అధికారిక నామం స్వరాజ్ ద్వీప్, జనం మాత్రం హేవ్‌లాక్ అనే అంటున్నారు. ప్రయాణం గంటన్నర పైచిలుకు. వాంతులు రాకుండా వేసుకోమని అమ్మ ఇచ్చిన మాత్రలు భద్రంగా పెద్ద పెట్టెలో ఉన్నాయి, పెట్టె ఓడ కింది భాగంలో ఉంది. పొద్దున తిన్న పూరీ నాకు పూర్తిగా దూరమయ్యాక, పక్క సీటు బెంగాలీ ఆవిడ వీపు రాస్తూ "అకేలీ హో?" అని అడిగింది. నోరు తెరిచే ధైర్యం లేక ఒక వేలు చూపించాను.

ఈ సంగతి అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. చెన్నై నుంచి అండమాన్ దాకా సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో మొదలైంది. వేలకొద్దీ కిలోమీటర్ల ఆ తీగంతా మా అమ్మ రోజుకి నాలుగుసార్లు వీడియో కాల్ చేసి "తిన్నావా?" అనడానికే వేశారేమో అనిపించింది.

హోటల్ గది తలుపు తీస్తే మంచం మీద రెండు హంసలు. తువ్వాళ్ళతో చేసినవి. ముక్కూ ముక్కూ ఆనించుకుని, మెడల మధ్య హృదయాకారం, చుట్టూ గులాబీ రేకులు. ఇద్దరు పట్టే గది తీసుకున్నాను కదా, కొత్త జంట అనుకున్నారు. రూమ్ సర్దే కుర్రాడు నా వెనక తలుపు వైపు రెండుసార్లు తొంగిచూశాడు. "అకేలీ" అన్నాను. పాపం, తను చేసిన తప్పులాగా తలదించుకున్నాడు. ఆ రాత్రి హంసల్ని విడదీయడానికి మనసొప్పక మంచానికి ఒక పక్క ముడుచుకుని పడుకున్నాను. మర్నాడు వచ్చి చూస్తే ఒక్కటే హంస ఉంది, గోడవైపు తిరిగి. మూడోరోజు ఆ కుర్రాడికేం తోచిందో, హంస పక్కన ఒక ఏనుగుని చేసిపెట్టాడు.

రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్ అంది. సూర్యాస్తమయం అక్కడే చూడాలన్నారు. మనకి ఏప్రిల్‌లో ఆరుంబావు దాటినా వెలుతురుంటుంది కదా అని అద్దె స్కూటీ మీద తీరిగ్గా పావుతక్కువ ఆరుకి చేరాను. సూర్యుడు లేడు. జనం ఇసుక దులుపుకుంటూ ఎదురొస్తున్నారు. తప్పెక్కడ చేశానో వచ్చేదారిలో తేల్చాను. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, అది మన కాకినాడ పక్కగా పోతుంది. బెజవాడ దానికి రెండు డిగ్రీలు పడమర, అండమాన్ పది డిగ్రీలు తూర్పు. డిగ్రీకి నాలుగు నిమిషాలు, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. ఏటా పిల్లలచేత చేయించే లెక్కే! వీధి దీపాలు లేని రోడ్డు మీద, ఆవులకి హారన్ కొట్టుకుంటూ, ఈ లెక్క నోటితో చేశాను.

మర్నాడు నాలుగింటికే వెళ్ళి కూర్చున్నాను, మరక ఫ్రాకుతోనే. బీచ్ మీద ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ఒక ఉద్యోగం రెడీగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఫోటోలు తీయడం. ఫోనిస్తే పట్టుకుని పారిపోతుందన్న భయం ఉండదు, మన ఫోటో మనం తీసుకుందామనే మొగుడూ పక్కన ఉండడు. పదకొండు జంటలకి తీశాను. గాల్లోకి ఎగురుతుంటే తీయమన్నవాళ్ళు నలుగురు, అందులో ముగ్గురికి పాదాలే పడ్డాయి.

పన్నెండో జంట "అక్కా, కొంచెం తీస్తారా?" అని తెలుగులో అడిగింది. గుంటూరు పిల్లలు. పెళ్ళై ఇరవై రోజులట. "మీవారేరక్కా?" అంది అమ్మాయి. "రాలేదమ్మా" అన్నాను. లేని మనిషి రాలేదంటే అబద్ధమెలా అవుతుంది? నా ఫోటో తీయబోతూ ఫోను దించి, రెండడుగులు దగ్గరకొచ్చి, ముక్కు ఎగబీల్చి, "గోంగూరేనా అక్కా?" అంది. గుంటూరు ముక్కు మరి. నాలుగు రోజులుగా చేపల పులుసు, బంగాళాదుంప తప్ప ఏమీ దొరకలేదట. ఆ రాత్రి వాళ్ళ హోటల్లో మామూలు అన్నం, పప్పు తెప్పించి సీసా మధ్యలో పెట్టుకున్నాం. పెళ్ళికొడుకు మాట్లాడలేదు. సీసా అడుగు గీకుతున్నప్పుడు మాత్రం "ఉల్లిపాయ ఉంటే..." అన్నాడు.

స్కూబా డైవింగ్ సంగతి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన నాకు ఈత రాదు. 2016 పుష్కరాల్లో అమ్మ చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేయడమే నా జలవిన్యాసం. ఈత రాకపోయినా పర్లేదన్నారు కాబట్టి ఒప్పుకున్నాను. అయిదడుగులైనా లేని నాకు పెద్దవాళ్ళ సూట్లేవీ పట్టక, పిల్లల సైజు తొడిగారు. తొడగడానికి ఇద్దరు కావలసివచ్చింది.

నీళ్ళలో మాటలుండవు, సైగలే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే అంతా బాగుందని. బొటనవేలు పైకెత్తితే పైకి తీసుకెళ్ళమని. నడుము లోతు నీళ్ళలో నాలుగుసార్లు చెప్పించారు, చెప్పాను. తర్వాత కిందికి వెళ్ళాం. ఒళ్ళంతా నీలం, తోక దగ్గర పసుపు ఉన్న చేపలు నా కళ్ళద్దం ముందు మంద మందగా మళ్ళుతున్నాయి. ట్రైనర్ "ఎలా ఉంది?" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంత అందానికి సున్నా చుట్టడమేమిటి? పరవశంగా బొటనవేలెత్తాను. అతను నన్ను పైకి తీసుకొచ్చేశాడు.

రెండోసారి వెళ్ళాం. ఒక పగడం గుట్ట, దాని సందులోంచి ఏదో నల్లటిది తల పెట్టి చూస్తోంది. బొటనవేలు. మళ్ళీ పైకి. మూడోసారి అతనే తన నోటి గొట్టం తీసి, "మేడమ్, మీకు నచ్చిందా, భయమేసిందా?" అన్నాడు. నచ్చింది బాబూ, చాలా నచ్చింది. అప్పుడు తట్టింది నాకు. ముద్దపప్పు కుదిరినప్పుడు మా అమ్మని చూసి వేళ్ళు సున్నా చుట్టి "అదిరింది" అంటాం చూడండి, ఇదీ అంతే. ఆ తర్వాత అరగంట సముద్రం అడుగున ప్రతి చేపకీ ముద్దపప్పు సైగే చేశాను.

నీల్ ద్వీపానికి కూడా వెళ్ళాను. ఎండ, అరటిపళ్ళు, నిద్ర.

అక్కడే గవ్వల గొడవొకటి. ఒడ్డున మంచివి చూసి ఏడు ఏరి, రుమాలు మీద పేర్చి, కొబ్బరి నీళ్ళు తాగి వచ్చేసరికి నాలుగే ఉన్నాయి. చూస్తుండగా వాటిలోనూ ఒకటి లేచి నడిచింది. లోపల హెర్మిట్ క్రాబ్. ఎవరో ఖాళీ చేసిన గవ్వలో కాపురం పెట్టే పీత. ఒంటరి పీతే. విజయవాడలో ఇల్లు వెతికినప్పుడు "మీరొక్కరేనా? ఇంట్లోవాళ్ళతో మాట్లాడి చెబుతాం" అన్న ఓనర్లు గుర్తొచ్చి, దాని అదృష్టానికి అసూయపడ్డాను. మిగిలినవి కూడా అక్కడే వదిలేశాను. గవ్వలూ పగడాలూ పట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఆఖరి రోజు మళ్ళీ పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజార్లో అమ్మ కోసం ముత్యాల దండ బేరమాడాను. నా హిందీ రెండు నిమిషాలు ఓపిగ్గా విని షాపావిడ, "తెలుగులో అడగండమ్మా, తగ్గిస్తాను" అంది. వాళ్ళ తాత పలాస వైపు నుంచి వచ్చారట, ఆవిడ ఇక్కడే పుట్టింది. టీ తెప్పించింది. ఆ ప్రశ్న రాబోతోందని నాకు తెలుసు. "ఒక్కలే వచ్చేరా?" అంది. అవునన్నాను. "పిల్లలు పెద్దయితే నేనూ ఒకసారి అలా వెళ్ళాల" అంది దండ కట్టిస్తూ. "ఎక్కడికి?" అన్నాను. "విజయవాడ. దుర్గమ్మని చూడాల" అంది. ఫోన్ నెంబరిచ్చి వచ్చాను.

ఇల్లు చేరిన సాయంత్రం లిఫ్ట్‌లో పిన్నిగారు కలిశారు. నల్లబడ్డావన్నారు, దండ బాగుందన్నారు, రేటడిగారు. తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి ఆపారు.

"అవునమ్మాయ్, మీతో వచ్చిన ఆ పొడుగమ్మాయికి ఓడలో వాంతులయ్యాయట కదా. పాపం, ఇప్పుడెలా ఉంది?"

"తగ్గిందండీ పిన్నిగారూ" అన్నాను.