రెండడుగుల గోదావరి వంతెన

మోడల్ రైల్వే అనగానే చాలామందికి బేస్‌మెంట్ నిండా పరిచిన పట్టాలు గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది అది కాదు. ఇది ఒకచోట స్థిరంగా ఉండే వ్యవహారమే కాదు. ముక్కలుగా కట్టాలి, వ్యాన్‌లో వేసుకుని ప్రదర్శనకు పట్టుకెళ్ళాలి, అక్కడ తోటి సభ్యుల ముక్కలతో కలిపి రెండు రోజులు రైళ్ళు నడపాలి, ఆదివారం సాయంత్రం విప్పేసి ఇంటికి తెచ్చుకోవాలి. ఈ ముక్కనే మాడ్యూల్ అంటారు. రైలు నడపడం ఇందులో చివరి పని. ఎలా మోస్తాం, ఎక్కడ విరుగుతుంది, పక్కవాళ్ళ పట్టాకి సరిగ్గా అతుకుతుందా అన్నవే మొదటి నుంచి చివరిదాకా బుర్ర తినే విషయాలు.

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఇక్కడి క్లబ్బులో ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్ళు. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. చేరిన రోజున వాళ్ళు నాకు చెప్పిన నియమం ఒకటే: మధ్యలో నీకు నచ్చిన సీను కట్టుకో, రెండు కొసలు మాత్రం క్లబ్బువి. కొసల దగ్గర పట్టా ఎక్కడుండాలో, ఎంత ఎత్తులో ఉండాలో, ఏ వైరు ఏ రంగులో ఉండాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి.

మేం వాడేది ఎన్ స్కేలు, అంటే అసలులో 160వ వంతు. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. ఈ స్కేలులో పాత పద్ధతి ఎన్‌ట్రాక్. 1970ల్లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒక్కో మాడ్యూల్ రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, కింద కాళ్ళు, పైన ఎరుపు, పసుపు, నీలం అని పిలిచే మూడు మెయిన్ లైన్లు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ మెట్లు దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను పట్టుకున్నది టీ-ట్రాక్. లీ మొనాకో-ఫిట్జెరాల్డ్ అనే ఆవిడ జపాన్‌లో బల్లల మీద పెట్టే చిన్న మాడ్యూళ్ళని చూసి 2000ల మొదట్లో అమెరికాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. కాళ్ళ గొడవ లేదు, మామూలు మడత బల్లల మీద పెట్టెలు పేర్చుకుంటూ పోవడమే. చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళిపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి నా ఓటు దీనికే.

సీను ఏం పెట్టాలన్న దగ్గర నేను పెద్దగా ఆలోచించలేదు. మాది నిడదవోలు. చిన్నప్పటి నుంచి రైలంటే నాకు గోదావరి దాటే రైలే. 1997లో వచ్చిన ఆర్చ్ వంతెన కడదామనుకుని కొలతలు తీశాను. మొత్తం 28 ఆర్చులు, ఒక్కో స్పాను 97.55 మీటర్లు. 160తో భాగిస్తే 610 మిల్లీమీటర్లు. టీ-ట్రాక్‌లో రెండు మామూలు మాడ్యూళ్ళ చోటు పట్టే డబుల్ మాడ్యూల్ పెట్టె పొడవు 618. ఒక ఆర్చ్ పెట్టాక, అటూ ఇటూ స్తంభానికి నాలుగేసి మిల్లీమీటర్లు మిగులుతుంది. ఇంత బాగా కుదిరిన లెక్క నా జీవితంలో ఇంకోటి లేదు. మొత్తం వంతెన కట్టాలంటే ఇలాంటి పెట్టెలు 28 కావాలి, బల్లల మీద 17 మీటర్లు. మా ఆవిడ ఆ సంఖ్య విని "ఒక్కటి చాలు" అంది.

చిక్కు ఎక్కడంటే, ఆ వంతెన మీద లైను ఒక్కటే. టీ-ట్రాక్‌లో రెండు లైన్లు ఉండి తీరాలి, వాటి మధ్య దూరం 33 మిల్లీమీటర్లు. ఆర్చ్‌నే వెడల్పు చేసి రెండు లైన్లూ అందులోంచి పోనిస్తే తేలిగ్గా అయిపోయేది, కానీ గోదావరి దాటినవాడెవడూ అది రాజమండ్రి అని ఒప్పుకోడు. టీ-ట్రాక్‌లో వాడే కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టా అడుగుభాగం 25 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే రెండు ట్రాకుల మధ్య 8 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందులో 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆర్చ్ వెనక పక్క దూరుతుంది! అలా ముందు లైను ఆర్చ్‌లోంచి పోయింది. వెనక లైనుకి పాత హేవలాక్ వంతెనని పెట్టాను. 1900లో మొదలై 1997లో రిటైరైన వంతెన అది, రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు. దానికి స్పాన్లు 56. కొత్తదాని ఒక ఆర్చ్‌కి పాతదానివి రెండు గర్డర్లు లెక్క సరిపోయింది. నిజంలో రెండింటి మధ్య దూరం ఎక్కువే, ఇక్కడ అంటుకుని ఉంటాయి. దాంతో నేను రాజీపడ్డాను. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి స్కేలు ప్రకారం పట్టాలు 10.5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. దుకాణంలో దొరికేది తొమ్మిదే. దాంతోనూ రాజీపడ్డాను.

పెట్టె సన్న ప్లైవుడ్‌తో చేసిందే. నాలుగు మూలలా కింద బోల్టులు ఉంటాయి, వాటిని తిప్పి ఎత్తు సర్దుకోవాలి. మామూలు మాడ్యూల్‌కి పైన బల్లపరుపుగా చెక్క పరిస్తే అయిపోతుంది. వంతెనకి అలా కుదరదు, నది కిందికి ఉండాలి కదా. పెట్టె మొత్తం ఎత్తే 70 మిల్లీమీటర్లు, అందులోనే స్తంభాలు, నీళ్ళు, ఇసుక తిన్నెలు అన్నీ. పైచెక్క తీసేస్తే పెట్టె బలం పోతుంది, మోసేటప్పుడు మెలి తిరుగుతుంది. అందుకని పట్టాల కింద అల్యూమినియం పట్టీ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి వేశాను. బయటికి కనపడదు, బరువంతా అదే మోస్తుంది.

ట్రాక్ వేయడం చిన్నపిల్లల పని. 248, 248, 124 మిల్లీమీటర్ల ముక్కలు కలిపితే 620 వస్తుంది. పెట్టె 618. అటొక మిల్లీమీటరు, ఇటొకటి పట్టా బయటికి ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరే మొత్తం పద్ధతికి ప్రాణం. పక్క మాడ్యూల్‌ని నెడితే పట్టా కొసల్లో ఉండే యూనిజాయినర్లు అనే కొక్కేలు టక్కుమని పట్టుకుంటాయి, చెక్కకి చెక్క తగలదు. వైర్లకి ముందు నుంచి వెనక్కి నీలం, తెలుపు, తెలుపు, నీలం అనే వరస. ఇది మారితే ఏమవుతుందో తర్వాత చెప్తాను.

ఎక్కువ కాలం పట్టింది ఆర్చ్‌కే. త్రీడీ ప్రింటర్ బల్ల చిన్నది, 610 మిల్లీమీటర్ల ఆర్చ్ ఒకేసారి రాదు, మూడు ముక్కలుగా తీసి అతికించాలి. ప్లాస్టిక్ ఏది వాడాలన్నది మరో ప్రశ్న. అందరూ వాడే పీఎల్ఏ 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. జులైలో ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి రావడం కష్టమేం కాదు, క్లబ్బులో ఒకాయన సిగ్నల్ క్యాబిన్ అలాగే అప్పడంలా వంగిపోయింది. నేను పీఈటీజీతో చేశాను, అది ఇంకో ఇరవై డిగ్రీలు ఎక్కువ తట్టుకుంటుంది. ఆర్చ్ నుంచి కిందికి దిగే హ్యాంగర్లు మాత్రం ప్లాస్టిక్‌తో చేస్తే చెయ్యి తగిలితే చాలు పుటుక్కుమంటాయి. వాటికి ఇత్తడి తీగ వాడాను. లైనుకి అటూ ఇటూ ఉండే ఆర్చ్ రెండు పక్కలనీ పైన కలిపే అడ్డ దూలాల ఎత్తు కూడా నా ఇష్టం కాదు. క్లబ్బులో అందరికీ డబుల్ స్టాక్ కంటైనర్ రైళ్ళంటే మోజు. ఒకదాని మీద ఒకటి పెట్టిన కంటైనర్లు నిజంలో 20 అడుగుల 2 అంగుళాల ఎత్తు, మన స్కేలులో 38 మిల్లీమీటర్ల పైచిలుకు. మొదటి దూలం 42 దగ్గర పెట్టాను. గోదావరి మీద అలాంటి రైలు నేనెప్పుడూ చూడలేదు, అయినా తప్పదు, పట్టా క్లబ్బుది.

ఆర్చ్ పెట్టెకి అతికించి లేదు. నాలుగు చిన్న అయస్కాంతాల మీద కూర్చుంటుంది, ఎత్తితే మొత్తం ఒకటిగా ఊడి వస్తుంది. అలా చేయకపోతే రవాణా పెట్టె ఎత్తు రెట్టింపయ్యేది. పైకి లేచి ఉన్న ప్రతి వస్తువూ ప్రయాణంలో విరగడానికి సిద్ధంగా ఉంటుంది. చెట్లు, కరెంటు స్తంభాలు, మనుషులు అంతే. అందుకే నా నదిలో పడవ ఒక్కటే ఉంది, అది కూడా ఇసుకలో ఆనుకుని. నీళ్ళకి ఎపాక్సీ అనే గట్టిపడే రెసిన్ పోయమని చాలామంది చెప్పారు. బాగా మెరుస్తుంది, కానీ బరువు, వాసన. నేను జనవరి గోదావరి రంగు వేసి, దానిమీద మెరుపునిచ్చే గ్లాస్ (gloss) మీడియం పల్చగా పూతలు పూతలుగా వేశాను. వరద గోదావరి అయితే ఎర్రగా ఇంకా బాగుండేదేమో, కానీ ఇసుక తిన్నెలు మునిగిపోతాయి, నాకవి కావాలి.

తర్వాత రవాణా పెట్టె. మాడ్యూల్ ఎంత శ్రద్ధగా కట్టానో దీన్నీ అంతే శ్రద్ధగా కట్టాను. కింద పలక, రెండు పక్క పలకలు, పైన పిడి. మాడ్యూల్ ఎత్తు సర్దే బోల్టులే పలకలోని బెజ్జాల్లోంచి కిందికి వస్తాయి, చేత్తో తిప్పే నట్లు బిగిస్తే కదలదు. స్పానర్ అక్కర్లేదు. పట్టా కొసలు పక్క పలకలకి తగలకుండా వేలు పట్టేంత ఖాళీ వదిలాను. ఆర్చ్‌కి విడిగా ఫోమ్ కోసి చేసిన డబ్బా. రెంటి మీదా పెద్ద అక్షరాలతో ఏది పైవైపో రాశాను. దించేటప్పుడు సాయం చేసేవాళ్ళకి అందులో ఏముందో తెలియదు కదా.

ప్రదర్శన మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఆమ్హెర్స్ట్ రైల్వే సొసైటీ ఏటా జనవరి చివర్లో ఈస్టర్న్ స్టేట్స్ ఎక్స్‌పోజిషన్ మైదానంలో జరుపుతుంది, ఈ ప్రాంతంలో రైలు పిచ్చి ఉన్నవాళ్ళకి అదే తిరునాళ్ళు. శుక్రవారం పొద్దున్నే మా సియెన్నా వ్యాన్ వెనక సీట్లు మడిచేసి బయల్దేరాం. సర్దడంలో సూత్రం ఏంటంటే అక్కడ ముందు కావలసింది ఇక్కడ చివర ఎక్కించాలి. బల్లల మీద వేసే నల్లగుడ్డలు, రసమట్టం, పనిముట్ల సంచీ తలుపు దగ్గర, మూల మాడ్యూళ్ళు ఆ వెనక, నా వంతెన లోపల. హడ్సన్ నది మీది టప్పన్ జీ వంతెన (ఇప్పటి పేరు మారియో క్యూమో) దాటి, ఐ-84 మీద హార్ట్‌ఫర్డ్ వరకూ మంచు గట్లు చూసుకుంటూ మామూలు ప్రయాణమే. గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఏ చప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడం తప్ప.

చలికాలం ప్రదర్శనకి మనవైపు వాళ్ళకి తట్టని సమస్య ఒకటుంది. గడ్డకట్టే చలిలో ఉన్న వ్యాన్ లోంచి వెచ్చటి హాల్లోకి తేగానే పట్టాల మీద చెమ్మ పడుతుంది. వెంటనే రైలు నడిపితే ఎక్కడికక్కడ ఆగిపోతుంది. పెట్టెలు మూసే ఉంచి ముందు బల్లలు వేసుకోవాలి, తర్వాత తెరిచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు తుడవాలి. పెద్దవాళ్ళు ఈలోపు కాఫీ తాగడానికి వెళ్ళిపోయారు. అది తొందర లేకపోవడం కాదని, పద్ధతని నాకు తర్వాత తెలిసింది.

బిగింపు ఒక మూల నుంచి మొదలవుతుంది. ఒకరు రసమట్టం పట్టుకుని ముందు నడుస్తారు, ఒకరు బోల్టులు తిప్పుతారు, ఒకరు జాయింట్ల మీద గోరు పెట్టి రాస్తూ వస్తారు. గోటికి మెట్టు తగిలితే రైలు చక్రానికి కొండ తగిలినట్టే. మాడ్యూళ్ళన్నీ కలిసి ఒక వలయం కావాలి కాబట్టి ఎదురెదురు వరసల పొడవు సమానంగా ఉండాలి. ఇక్కడే ఆ ప్రమాణాల విలువ తెలుస్తుంది. నా డబుల్‌కి ఎదురుగా ఎవరివో రెండు సింగిల్స్ ఉన్నాయి, 310, 310 కలిపి అదే 620. చివరి జాయింటు దగ్గర కాస్త నెట్టుడు తప్పలేదు కానీ వలయం పూర్తయింది.

కరెంటు ఇచ్చాం. షార్ట్. చెప్తానన్నాను కదా, ఆ రంగుల వరస ఎక్కడో తిరగబడింది. ఇంత పెద్ద వలయంలో ఎక్కడో ఎలా తెలుస్తుంది? మా క్లబ్బు పెద్దాయన ఒక్కో మాడ్యూల్ చూసుకుంటూ పోలేదు. సగం దగ్గర ప్లగ్ పీకాడు, తప్పు ఏ సగంలో ఉందో చూశాడు, దాన్ని మళ్ళీ సగం చేశాడు. కొద్దిసేపట్లో ఒక మూల మాడ్యూల్ దొరికింది. దాని యజమాని కొత్తగా వైర్లు మార్చి తెచ్చాడట. ఎవరూ ఏమీ అనలేదు, ప్లగ్ తిప్పి పెట్టి ముందుకు వెళ్ళారు. ఈ క్లబ్బులో నాకు నచ్చింది అదే.

శనివారం జనం విరగబడ్డారు. ఆర్చ్‌లోంచి మొదట వెళ్ళింది ఆమ్‌ట్రాక్ రైలు, తర్వాత డబుల్ స్టాక్ గూడ్సు. దూలానికి తగలకుండా బయటపడిందాకా నేను ఊపిరి తీసుకోలేదు. నా దగ్గర మన రైలు ఒకటి ఉంది, త్రీడీ ప్రింట్ పెట్టెలకి నీలం రంగు వేసి చేసుకున్నది. దాని వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆగి ఇదెక్కడిదని అడిగేవారు. 28 ఆర్చులు అని చెప్తే నమ్మలేనట్టు చూసేవారు.

మధ్యాహ్నం ఒక తెలుగు కుటుంబం వచ్చింది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ, జనం ముందుకి రాకుండా అడ్డంగా కట్టిన గొలుసు పట్టుకుని కాసేపు చూసి, "ఏం బాబూ, ఇది మన రాజమండ్రి బ్రిడ్జే కదూ?" అన్నారు. "అవునమ్మా" అన్నాను. ఆవిడ కొడుకుని చిల్లర అడిగి, ఒక పెన్నీ తీసుకుని, నేను ఏమనేలోగా నదిలో వేసి దణ్ణం పెట్టుకున్నారు. పెన్నీ వెడల్పు 19 మిల్లీమీటర్లు, అంటే గోదావరిలో మూడు మీటర్ల నాణెం పడ్డట్టు. పక్కనున్న మా పెద్దాయన కంగారుగా తీయబోయాడు, వద్దన్నాను. సాయంత్రానికి ఇంకో రెండు నాణేలు పడ్డాయి, అవి వేసింది అమెరికన్ పిల్లలు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. మూడోది నీళ్ళ మెరుపు పూత మీద గీత పెట్టింది. ఆదివారం పొద్దున ముందు భాగంలో అడ్డంగా అక్రిలిక్ షీటు పెట్టాం.

విప్పడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం బిగించడం కంటే ఇదే ప్రమాదం అనిపించింది. మూసే టైముకి అందరూ అలసిపోయి ఉంటారు, దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఇంటికి చేరాలన్న తొందర, లోడింగ్ తలుపు దగ్గర తోపుడు బండ్ల బారు. అందుకే క్లబ్బులో వరస మారదు. ముందు రైళ్ళు, తర్వాత ఊడి వచ్చే వస్తువులు, తర్వాత వైర్లు, ఆ తర్వాతే జాయింట్లు. జాయింట్లని లాగకూడదు, యూనిజాయినర్ నొక్కి పక్కకి జరపాలి. ఆర్చ్ తన డబ్బాలోకి వెళ్ళింది. హ్యాంగర్ ఒకటి వంగింది, ఇత్తడి కాబట్టి వేలితో సరిచేశాను.

వచ్చే ఏడాదికి ఇంకో ఆర్చ్ చేయమని క్లబ్బు అడుగుతోంది. పక్కపక్కన రెండు పెడితే అది వంతెనలా కనిపిస్తుంది, ఇప్పుడున్నది వంతెన ముక్క. ప్రింటింగ్ ఫైలు ఉంది కాబట్టి ఆర్చ్ గురించి బెంగ లేదు. వ్యాన్‌లో కొలిచి చూశాను, రెండో పెట్టె పట్టాలంటే పెట్టెలని ఒకదాని మీద ఒకటి పెట్టే వీలుండాలి. ఇప్పుడున్నదాని పైపిడి దానికి అడ్డం. కాబట్టి ముందు పిడిని పక్కలకి మార్చాలి.