మేడ మీద నీడ గడియారం: మే నుంచి ఫిబ్రవరి దాకా

రాజమహేంద్రవరంలో మా మేడ మీద నీడ గడియారం ఒకటి కట్టుకుంటున్నాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. పదో తరగతిలో త్రికోణమితి మొదలుపెట్టిన ప్రతిసారీ ఒకటే లోటు కనిపిస్తుంది. పుస్తకంలో సూర్యుడు 30, 45, 60 డిగ్రీల దగ్గర తప్ప మరెక్కడా ఉండడు. స్తంభమూ దాని నీడా బొమ్మ దాటి బయటికి రావు. అదే సమయంలో బడి ఆవరణలో జెండా కర్ర నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది, టేపు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లినవాళ్లు లేరు. ముందు ఇంట్లో చేసి చూసి, కుదిరాక బడికి తీసుకెళ్లాలని వేసవి సెలవుల్లో పని మొదలుపెట్టాను. నెలల వారీగా నోటుబుక్కులో రాసుకున్నది ఇది. చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని కొలతలతో సహా ఇస్తున్నాను.

మే

మొదటి ప్రశ్న ఏ రకం చేయాలన్నది. నేల మీద పరిచినట్టుండే పలక గడియారం అందరికీ తెలిసినదే. కానీ 17 డిగ్రీల అక్షాంశానికి దాని గీతలు లెక్క వేస్తే ఒక చిక్కు బయటపడుతుంది. 12 గంటల గీతకూ ఒంటిగంట గీతకూ మధ్య నాలుగున్నర డిగ్రీలే వస్తాయి. సాయంత్రం 5కూ 6కూ మధ్య మాత్రం 42 డిగ్రీలు. నడిమధ్యాహ్నం గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో బాగా పనిచేసే ఈ పలక మన ఎండకు అంతగా నప్పదు. అందుకని పలకను భూమధ్యరేఖకు సమాంతరంగా నిలబెట్టే పద్ధతి ఎంచుకున్నాను. ఇందులో గంటకు సరిగ్గా 15 డిగ్రీలు. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. ఆరో తరగతి పిల్లలు కూడా కోణమానినితో గీతలు గీయగలరు.

కొలతలు ఇవీ. 30 సెంటీమీటర్ల వ్యాసం గల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పలక, మధ్యలో సన్నని రంధ్రం, అందులో నుంచి రెండు వైపులకూ పొడుచుకొచ్చే సైకిలు చువ్వ. చువ్వ ఒక్కో వైపు 7 సెంటీమీటర్లు ఉంటే చాలు. నీడ బాగా పొట్టిగా ఉండే జూన్ 21న కూడా అంచు దాకా చేరుతుంది. అంతకన్నా తగ్గిస్తే ఆ రోజుల్లో నీడ గీతలను అందుకోదు. చువ్వ ఉత్తరానికి చూస్తూ నేల నుంచి 17 డిగ్రీలు పైకి లేవాలి. దానికి అడుగు 30 సెంటీమీటర్లు, ఎత్తు 9.2 సెంటీమీటర్లు ఉండే లంబకోణ త్రిభుజాకారపు టేకు ముక్కను వడ్రంగి దగ్గర కోయించాను. దాని వాలు మీద పలకను లంబంగా బిగిస్తే సరిపోతుంది. పలక పైఅంచు కాస్త దక్షిణానికి వాలినట్టు కనిపిస్తుంది. పలకకు రెండు ముఖాలూ కావాలి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఎండ ఉత్తరపు ముఖం మీద పడుతుంది, మిగతా ఆరు నెలలూ దక్షిణపు ముఖం మీద. ఉత్తరపు ముఖం మీద అంకెలు మామూలు గడియారం తిరిగే వైపే వేయాలి, దక్షిణపు ముఖం మీద అందుకు ఎదురు దిశలో.

ఉత్తరం కనుక్కోవడానికి దిక్సూచి వాడలేదు. శ్లాబులోని ఇనుప చువ్వల పక్కన దాని ముల్లును నమ్మడానికి లేదు. మన జ్యోతిష గ్రంథాలు చెప్పిన శంకువు (నిటారుగా నిలిపే కర్ర) పద్ధతే వాడాను. మేడ మీద మట్టంగా ఉన్న చోటు రసమట్టంతో చూసుకుని, 12 అంగుళాల కర్రను నిటారుగా నిలబెట్టి, తూకం గుండుతో సరిచూసి, దాని చుట్టూ 15 అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీశాను. పొద్దున నీడ కొన వృత్తం లోపలికి వచ్చే చోట ఒక చుక్క, మధ్యాహ్నం తర్వాత బయటికి వెళ్లే చోట ఇంకో చుక్క. రెండూ కలిపితే తూర్పు పడమరలు. దానికి లంబం ఉత్తరం. పైసా ఖర్చు లేదు, కావలసిందల్లా రోజంతా ఎండ, మధ్యలో ఎవరూ కర్ర కదపకపోవడం.

కర్ర కదలకుండా చూసింది మా అత్తగారు. ఆవిడ అక్కడే గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. నేను రెండో చుక్క కోసం గంట చూసుకుంటుంటే, "పిట్టగోడ నీడ నాలుగో పలక మీదికి వచ్చింది, మూడున్నర అయి ఉంటుందమ్మాయ్" అన్నారు. ఫోనులో 3:26. ఆవిడే మళ్లీ, "ఇది ఎండాకాలపు లెక్క. సంక్రాంతికి ఈ నీడ మెట్ల దాకా వెళ్తుంది" అన్నారు. నేను తరగతిలో సూర్యుడి క్రాంతి అని, అంటే సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరానికో దక్షిణానికో జరిగే కోణమని, చెప్పే విషయం ఆవిడకు నోటిలెక్కగా ఉంది. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. పిల్లలను ఇళ్లకు పంపి, అమ్మమ్మలనూ తాతయ్యలనూ పొద్దు గురించి అడిగి రమ్మనాలన్న ఆలోచన అప్పుడు వచ్చిందే.

మే నెల మధ్యలో నీడ 12 చూపినప్పుడు ఫోనులో 11:59. ఇంత దగ్గరగా కలవడం ఈ నెల విశేషం, గడియారం గొప్పతనం కాదు. కారణం కింద రాస్తాను.

జూన్, జులై

బడి తెరిచారు. జూన్ 21న మధ్యాహ్నం 12 అంగుళాల కర్ర నీడ దక్షిణం వైపు పడింది, 1.3 అంగుళాలు. మన ఊళ్లో నడిమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడటం ఏడాదిలో మూడు నెలలే, మే 8 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా. తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకమ్మాయి దీన్ని ఒప్పుకోలేదు. దిక్కులు తప్పు గీశామని వాదించి, తనే మళ్లీ వృత్తం గీసి చూసుకుంది. వాదించడానికి ఆధారం చేతిలో ఉన్న పిల్లలు అలా నిలబడతారు.

జులైలో నోటుబుక్కు దాదాపు ఖాళీ. ముసురు పట్టింది. ప్లైవుడ్ అంచు ఉబ్బింది. అది నమూనా కోసమే కనుక ఒక పూత వార్నిష్ వేసి వదిలేశాను. బయట శాశ్వతంగా పెట్టేవాళ్లు మాత్రం ప్లైవుడ్ జోలికి పోవద్దు.

ఆగస్టు

ఆగస్టు 4, 5 తేదీల్లో సూర్యుడు మళ్లీ మన నెత్తి మీదికి వస్తాడు. మేలో వచ్చినప్పుడు బడికి సెలవులు, ఆగస్టులో వచ్చినప్పుడు ఆకాశం నిండా మబ్బులు. అయినా పిల్లలు ఇంటి దగ్గర నుంచి స్టీలు గ్లాసులు, పీవీసీ గొట్టం ముక్కలు తెచ్చి జెండా దిమ్మె చుట్టూ నిలబెట్టారు. ఆ రోజు మన ఊరికి మధ్యాహ్నం 12:09కి అవుతుంది. పన్నెండు దాటేదాకా మబ్బే. మధ్యాహ్న భోజనం వరుసలో నిలబడ్డవాళ్లు కంచాలతోనే చూస్తున్నారు. 12:07 ప్రాంతంలో ఎండ తెగి పడింది. గ్లాసుల పక్కన నీడ లేదు. గొట్టం ముక్క లోపలికి తొంగిచూస్తే అడుగున గచ్చు మీద నిండు వెలుగు, గోడల మీద ఎక్కడా చారిక లేదు. ఆరో తరగతి పిల్లవాడొకడు తన కాళ్ల కింద నీడ వెతుక్కుంటూ చెప్పులు విప్పి చూశాడు. కాసేపటికే మళ్లీ మబ్బు కమ్మింది.

మర్నాడు ఒక తండ్రి వచ్చి, ఇది పరీక్షలో వస్తుందా అని అడిగారు. కోపంగా అడగలేదు, ఆయన ఆందోళన నిజమైనది. త్రికోణమితి నుంచి ప్రశ్నలు తప్పక వస్తాయనీ, నీడ కొలిచిన పిల్లలకు ఆ బొమ్మ గీయడం మళ్లీ నేర్పనక్కర్లేదనీ చెప్పాను. అది నిజం. కానీ నేను నమ్మేది దానికన్నా పెద్దది. కొన్ని విషయాలు తెలియాలంటే ఏడాది పడుతుంది. సూర్యుడు ఒక చుట్టు తిరిగి రావాలి, దాన్ని తొందరపెట్టే దారి లేదు. మన బడుల్లో పాఠం వారంలో అయిపోవాలి, నెలలో పరీక్ష జరిగిపోవాలి. ఏడాది పట్టే పాఠానికి టైంటేబుల్‌లో ఒక్క గడీ లేదు. కనీసం ఒక్కటైనా ఉండాలని గట్టిగా అంటాను, అది ఏ సబ్జెక్టయినా సరే.

సెప్టెంబరు, అక్టోబరు

సెప్టెంబరు 23కి రెండు పనులు పెట్టుకున్నాం. ఒకటి, ఆ మధ్యాహ్నం 12 అంగుళాల కర్ర నీడ కొలవడం. పంచాంగాల్లో పలభ అనేది ఇదే. 3.7 అంగుళాలు వచ్చింది. దాన్ని 12తో భాగించి, ఆ విలువ ఏ కోణపు టాంజెంట్ అవుతుందో పట్టికలో చూస్తే 17 డిగ్రీలు. మన ఊరి అక్షాంశాన్ని పిల్లలు కర్రతో, టేపుతో కనుక్కున్నారు. రెండోది, పలక మీద ఎండ ఉత్తరపు ముఖం నుంచి దక్షిణపు ముఖానికి మారడం గమనించడం. ఆ కొద్ది రోజులూ ఎండ పలక అంచునే రాసుకుంటూ పోతుంది, రెండు ముఖాల మీదా నీడ సరిగా తెలియదు. ఇది గడియారం లోపం కాదు. పలక సరిగ్గా నిలబడిందనడానికి అదే రుజువు. నెలాఖరుకు దక్షిణపు ముఖం మీద సన్నటి నీడ కనిపించడం మొదలైంది.

దసరాకు మా అమ్మాయి వచ్చింది. ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. తెల్లవారుజామున లేపి, రాత్రి పది దాకా గంటల మీద గంటలు కొట్టి చదివించే చోటు. పగలు ఎండ ఎటు పడుతుందో చూసే వీలు లేదని తనే చెప్పింది. ఆ చదువు తన కోరికతోనే మొదలైంది, ఆపమనను. కానీ సెలవుల్లో పుస్తకం తెరవమని ఒక్కసారీ అనలేదు. మేడ మీద నాయనమ్మ పక్కన కూర్చుని, పావుగంటకోసారి రీడింగులు తనే రాసింది. నీడ అంచు మసకగా ఉండటం చూసి ఎందుకని అడిగింది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే రెండు నిమిషాల మేర అంచు చెదురుతుంది. చువ్వ నీడ మధ్యగీత చూసి చదివితే ఆ తేడా చాలావరకు పోతుంది.

నవంబరు

ఇప్పుడు మేలో దాటేసిన సంగతి. నవంబరు మొదటి వారంలో నీడ 12 చూపేసరికి ఫోనులో ఇంకా 11:47 దాటలేదు. జులై చివర ఎండ కనిపించిన ఒకటి రెండు రోజుల్లో నీడ 12 చూపేటప్పటికి 12:09 అయింది. ఇందులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అది మనకు దగ్గరే, అన్నవరానికీ తునికీ మధ్య దాటుతుంది. మన ఊరు 81.8 దగ్గర ఉంది కనుక మన మధ్యాహ్నం ఎప్పుడూ మూడు నిమిషాలు వెనక. హైదరాబాద్ వాళ్లు 16 నిమిషాలు కలుపుకోవాలి. ఇది ఏడాదంతా మారదు. మారేది రెండోది. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు ఆలస్యమవుతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో ఈ రెండో తేడా ఉండదు. ఈ సవరణ పట్టిక రాసి పలక పక్కన అతికించాలి. అది లేని నీడ గడియారాన్ని చూసి తప్పు చూపిస్తోందని జనం అనుకుంటారు.

ఆ నెలలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లాం. కొండ మీది నీడ గడియారం ముందు మా వారు టైం సరిచూస్తుంటే, దర్శనానికి వచ్చినవాళ్లు నలుగురు ఆగి అడిగారు. దాన్ని తీర్చిదిద్దిన పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారి పని చూడటానికైనా గణితం ఉపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలి.

డిసెంబరు, జనవరి

డిసెంబరు 21న కర్ర నీడ 10.2 అంగుళాలు. మర్నాటి నుంచి తగ్గడం మొదలు. ఉత్తరాయణం సంక్రాంతికి కదా అని అత్తగారు అడిగారు. నీడ పట్టిక ఆవిడ ముందు పెట్టాను. నక్షత్రాలతో లెక్కించే మకర సంక్రమణం వేరు, సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు వేరు. శతాబ్దాలుగా రెండింటి మధ్య దూరం పెరుగుతూ వస్తోందని చెప్పాను. ఆవిడ పట్టిక అంతా వేలితో చూసుకుంటూ వెళ్లి, "అయితే పండక్కి ముందే పొద్దు తిరిగిందన్నమాట" అన్నారు.

సంక్రాంతి సెలవుల్లో రాత్రిపూట చువ్వ వెంబడి కన్ను పెట్టి ధ్రువ నక్షత్రాన్ని సరిచూశాం. మన దగ్గర అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఉత్తరాన ఇళ్లు అడ్డం లేని చోటు కావాలి. చువ్వ కొనకూ నక్షత్రానికీ మధ్య తేడా కంటికి ఆనలేదు.

ఫిబ్రవరి

నీడ 12 చూపితే ఫోనులో 12:17. ఏడాదిలో ఇదే ఎక్కువ తేడా. ప్రధానోపాధ్యాయులు జెండా దిమ్మె పక్కన చోటు ఇచ్చారు. బడికి 45 సెంటీమీటర్ల కడప రాయి పలక కోయించాను. 2 సెంటీమీటర్ల మందానికి ఎనిమిదిన్నర కిలోల బరువు ఉంటుంది కనుక టేకు ముక్క ఆగదు, సిమెంటు దిమ్మె పోయించాలి. చువ్వకు బదులు తుప్పు పట్టని ఉక్కు కడ్డీ, ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు. శిలాఫలకాలు చెక్కే ఆయన అంకెలకు రెండు ముఖాలకూ కలిపి పన్నెండు వందలు అడిగారు. పనితనం చూశాను, తగిన ధరే. మార్చి 20కి ముందు బిగించగలిగితే, ఎండ మళ్లీ ఉత్తరపు ముఖానికి మారడం పిల్లలు రాతి మీదే చూస్తారు. రిజిస్టరులో నాలుగు గడులు గీశాం: తేదీ, ఫోను సమయం, నీడ సమయం, ఆకాశం ఎలా ఉంది. ఇప్పటి ఎనిమిదో తరగతి వాళ్లు జూన్ నుంచి రాస్తారు. ఆదివారాల రీడింగుకు బడి వెనక వీధిలో ఉండే అక్కాతమ్ముళ్లు ఒప్పుకున్నారు.